ఒక పేజీని మూడుసార్లు చదవండి

బస్తర్‌లో కుంట, భోపాలపట్నం వైపు ఊళ్ళలో పుట్టిన పిల్లలకి ఇంట్లో తెలుగో దోర్లీయో అలవాటవుతుంది. బడిలో హిందీ. వారపు సంతలో గోండీ, హల్బీ చెవిన పడుతూనే ఉంటాయి. గనుల పనికోసం వచ్చి కిరండూల్, బచేలీల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలూ, జగదల్‌పూర్ తెలుగు పిల్లలూ రెండు మూడు భాషల మధ్యే పెరుగుతారు. పన్నెండో తరగతి దాటేసరికి వీళ్ళు ఆ భాషలన్నిట్లో బేరమాడగలరు, దెబ్బలాడగలరు, ఏడుస్తున్నవాళ్ళని ఊరడించగలరు. ఇంగ్లీషు పరీక్ష అనగానే మాత్రం "నాకు భాషలు ఎక్కవండీ" అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఇన్ని భాషలు ఎవరూ నేర్పకుండానే వచ్చిన మనిషికి ఇంకో భాష ఎక్కకపోవడం అంటూ ఉండదు. లోపం సాధన చేసే పద్ధతిలో ఉంది. ఈ అధ్యాయం ఆ పద్ధతి గురించి.

బస్తర్‌లో ఇంగ్లీషు అవసరం ఇప్పుడు గడప దాకా వచ్చింది. బైలదిల్లా గనులు నడిపే ఎన్‌ఎండీసీ, బాలికా శిక్షా యోజన కింద బస్తర్ గిరిజన బాలికల్ని హైదరాబాద్ పంపి అపోలోలో నర్సింగ్ చదివిస్తోంది. హిందీ మీడియంలో పన్నెండు ముగించిన అమ్మాయి అక్కడికి వెళ్ళి శరీర నిర్మాణ శాస్త్రం ఇంగ్లీషులో చదవాలి. చదువయ్యాక బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో మొత్తం మీద 7, చదవడం, వినడం, మాట్లాడటం ఒక్కొక్కదానిలో 7, రాయడంలో కనీసం 6.5 తెచ్చుకోవాలి. డాక్టర్లు, నర్సుల్లాంటి వైద్యరంగం వాళ్ళకోసం పెట్టిన ఓఈటీ రాసినా సరే. ఇక కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ సీట్లకు 2022 నుంచి సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష వచ్చింది. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ ఉద్యోగాల పరీక్షల్లో చాలావాటిలో ఇంగ్లీషు తప్పదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020లో స్వామి ఆత్మానంద్ ఇంగ్లీషు మీడియం బళ్ళు మొదలుపెట్టింది నిజమే. కానీ ఈ పరీక్షలకి కూర్చునేవాళ్ళలో చాలామంది అంతకు ముందు హిందీలోనో తెలుగులోనో చదువుకుని వచ్చినవాళ్ళు.

వీళ్ళు సాధారణంగా చేసే పని ఒకటుంది. చదవడానికి ఒక పుస్తకం, వ్యాకరణానికి ఒక పుస్తకం కొంటారు. పొద్దున వ్యాకరణ సూత్రాలు బట్టీ పడతారు, రాత్రి వ్యాసాలు చదివి ప్రశ్నలకి జవాబులు గుర్తు పెడతారు. పొద్దుటి సూత్రం రాత్రి వ్యాసంలోకి రాదు. రాత్రి చదివిన వాక్యం పొద్దుటి అభ్యాసంలోకి రాదు. నెలలు గడిచినా మార్కు కదలదు. నా అనుభవంలో ఈ రెంటినీ ఒకే పేజీ మీద కలిపి సాధన చేసినవాళ్ళే ముందుకి వెళ్ళారు.

ఐఈఎల్‌టీఎస్‌లో వ్యాకరణానికి వేరే పేపరు లేదు. రాయడంలోనూ మాట్లాడటంలోనూ మార్కులిచ్చే నాలుగు అంశాల్లో అదొకటి, అంటే అక్కడ పావు వంతు. చదివే పేపర్లో దాని ఊసే ఉండదు. అయినా ఎక్కువమంది చదివే పేపర్లో తప్పులు చేసేది వ్యాకరణం దగ్గరే.

ఒక వాక్యం చూడండి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడం కోసమే 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలు మార్గం వేశారు. ఆ సంగతి మీద ఇంగ్లీషు వ్యాసంలో ఇలా ఉందనుకోండి: "ది ఐరన్ ఓర్ క్యారీడ్ టు విశాఖపట్నం వజ్ షిప్డ్ టు జపాన్." గబగబా చదివేవాళ్ళు 'క్యారీడ్' దగ్గరే వాక్యం పూర్తయిందనుకుంటారు. ఖనిజం దేన్నో మోసుకెళ్ళిందని అర్థం చేసుకుంటారు. ఆ వెంటనే 'వజ్ షిప్డ్' ఎదురై అంతా కలగాపులగం అవుతుంది. మళ్ళీ మొదటికి వెళ్తారు. అసలు క్రియ 'వజ్ షిప్డ్'. 'క్యారీడ్ టు విశాఖపట్నం' అన్నది ఏ ఖనిజమో చెప్పే విశేషణం మాత్రమే. తెలుగులో ఈ చిక్కు రాదు. "విశాఖకి తెచ్చిన ఖనిజాన్ని జపాన్‌కి పంపారు" అంటాం. 'తెచ్చిన' వేరు, 'తెచ్చారు' వేరు. పైగా 'తెచ్చిన' అన్నది ఖనిజానికి ముందు వస్తుంది. ఇంగ్లీషులో ఆ రెండు పనులకీ ఒకటే రూపం, అదీ నామవాచకం తర్వాత.

ఇంకో సంగతి కూడా గమనించండి. తెలుగు, దోర్లీ, గోండీ, హల్బీ, హిందీ, అన్నిట్లోనూ క్రియ వాక్యం చివర కూర్చుంటుంది. బస్తర్ పిల్లలకి వచ్చిన భాషలన్నీ ఈ విషయంలో ఒక్కటే. చిన్నప్పటి నుంచి మన చెవి వాక్యం చివరిదాకా ఆగి క్రియని అందుకోవడానికి అలవాటుపడింది. ఇంగ్లీషులో క్రియ కర్తని అంటిపెట్టుకుని ముందే వస్తుంది, ఒక్కోసారి మధ్యలో ఏ పదిహేను మాటలో దూరి రెంటినీ విడదీస్తాయి. కాబట్టి మొదటి వారం అంతా ఒకటే పని చేయండి. ఏ పేజీ చదివినా ప్రతి వాక్యంలో అసలు క్రియ కింద గీత పెట్టండి, ఆ పని ఎవరిదో, దేనిదో దాని చుట్టూ సున్నా చుట్టండి. మాటలకి అర్థాలు తెలియకపోయినా ఈ పని చెయ్యొచ్చు. ఇది వచ్చేదాకా నిఘంటువు తెరవకండి.

ఇక పేజీని మూడుసార్లు చదవడం గురించి.

మొదటిసారి గడియారం పెట్టుకుని చదవాలి. చాలామందికి "నేను నెమ్మదిగా చదువుతాను, నాకు టైము చాలదు" అన్న భయం. ఆ భయాన్ని లెక్క వేసి చూడండి. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రీడింగ్‌లో మూడు వ్యాసాలు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. మూడు వ్యాసాలూ కలిపి 2150 నుంచి 2750 మాటల దాకా ఉంటాయి. నిమిషానికి 100 మాటలే చదివే మనిషికి కూడా 2500 మాటలకి 25 నిమిషాలు చాలు. ఇంకా 35 నిమిషాలు మిగిలే ఉంటాయి. మరి టైమెక్కడ పోతోంది? చదివిన వాక్యాన్నే మళ్ళీ మళ్ళీ చదవడంలో, జవాబు ఏ పేరాలో ఉందో వెతకడంలో. అందుకని మొదటి చదువులో వెనక్కి వెళ్ళకూడదు. అర్థం కాని మాట వస్తే దాటేయండి. ఒక్కో పేరా అవగానే అది దేని గురించో పక్కన రెండు మూడు మాటల్లో, మీకు వచ్చిన ఏ భాషలోనైనా రాసుకోండి. తర్వాత ప్రశ్న చూడగానే ఏ పేరాకి వెళ్ళాలో ఆ మాటలు చెబుతాయి.

ఓఈటీ రాసే నర్సులకి ఈ వెతుకులాట ఇంకా ముఖ్యం. దాని రీడింగ్ పేపరు మొదటి భాగంలో నాలుగు చిన్న పాఠాలిచ్చి 15 నిమిషాల్లో 20 ప్రశ్నలు అడుగుతారు. అక్కడ మొత్తం చదివే తీరికే ఉండదు.

రెండోసారి పెన్సిలుతో. క్రియకి గీత, కర్తకి సున్నా ఎలాగూ ఉన్నాయి. వాటితో పాటు చిన్న మాటలకి గుర్తు పెట్టండి: నాట్, ఓన్లీ, అన్‌లెస్, ఆల్‌దో, హార్డ్‌లీ, మోస్ట్, సమ్. పరీక్ష పెట్టేవాళ్ళు పెద్ద మాటల మీద కన్నా వీటి మీదే ప్రశ్నలు అల్లుతారు. 'ఫ్యూ' అంటే దాదాపు లేరని, 'ఎ ఫ్యూ' అంటే కొందరున్నారని. ఒక్క అక్షరం తేడా, జవాబు తలకిందులు. తెలుగులో గానీ హిందీలో గానీ ఇలాంటి ఉపపదాలు లేవు కాబట్టి మన కన్ను వాటిని చూడకుండా జారిపోతుంది. చూసే అలవాటు కావాలని చేసుకోవాలి. ఒక చిట్కా చెబుతాను. ఒక పేరాని ఎ, యాన్, ద అనే మూడు మాటలూ తీసేసి కాగితం మీద ఎత్తి రాయండి. మర్నాడు అసలు పేరా చూడకుండా వాటిని ఎక్కడెక్కడ పెట్టాలో పెట్టి, తర్వాత సరిచూసుకోండి. హాస్టల్లో ఉన్నవాళ్ళయితే ఇద్దరు చెరొక పేరా రాసి ఒకరిది ఒకరు నింపుకోవచ్చు. ఇలాగే క్రియలన్నిటినీ మూలరూపంలోకి మార్చి రాసి, కాలాలు మళ్ళీ మీరే కుదర్చవచ్చు. స్టాఫ్ సెలెక్షన్ పరీక్షల్లో వచ్చే ఖాళీలు నింపే ప్రశ్నకి ఇంతకన్నా మంచి సాధన నాకు తెలియదు, దీనికి పైసా ఖర్చు లేదు.

సర్వనామాలకి కూడా గుర్తు పెట్టాలి. హిందీలో ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ 'వహ్' ఒక్కటే, ఎవరన్నది క్రియ చూసి తెలుసుకుంటాం. గోండీలో ఏకవచనంలో ఆడమనిషికీ వస్తువుకీ ఒకే సర్వనామం, మన 'అది' లాగే. ఇంగ్లీషులో హీ, షీ, ఇట్ మూడూ వేరు, క్రియ ఏ ఆధారమూ ఇవ్వదు. బస్తర్ పిల్లలు అమ్మ గురించి మాట్లాడుతూ 'హీ' అనేయడం నేను చాలాసార్లు విన్నాను. అది తెలివితక్కువ కాదు, ఇన్ని భాషల అలవాటు. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళు సర్దుకుంటారు. చదివేటప్పుడు మాత్రం ఇట్, దే, విచ్ అన్న ప్రతి మాట నుంచీ అది ఎవరిని సూచిస్తోందో అక్కడికి బాణం గీయండి. బాణం తప్పు చోటికి వెళ్తే జవాబూ తప్పు చోటికే వెళ్తుంది.

మూడో చదువు అన్నిటికన్నా విలువైనది, అన్నిటికన్నా ఎక్కువమంది మానేసేది కూడా. దీన్ని నాలుగున్నర శతాబ్దాల కిందటే ఒక ఇంగ్లీషు ఉపాధ్యాయుడు రాసి పెట్టాడు. ఆయన రోజర్ ఆస్కమ్, మొదటి ఎలిజబెత్ రాణికి చిన్నతనంలో చదువు చెప్పినవాడు. ఆయన పోయాక 1570లో అచ్చయిన 'ద స్కూల్‌మాస్టర్' అనే పుస్తకంలో లాటిన్ నేర్పే పద్ధతి చెప్పాడు. విద్యార్థి రోమన్ రచయిత సిసిరో లేఖని తన ఇంగ్లీషులోకి మార్చాలి. కొంత విరామం తర్వాత, సిసిరోని చూడకుండా, తన ఇంగ్లీషుని మళ్ళీ లాటిన్‌లోకి తిప్పాలి. అప్పుడు గురువు రెండు లాటిన్లనీ పక్కపక్కన పెట్టి తేడాలు చూపిస్తాడు. ఆ కాలపు ఇంగ్లీషు పిల్లలు పెద్ద భాష ముందు అలా కూర్చుని నేర్చుకున్నారు. మనం ఇంగ్లీషు ముందు అలాగే కూర్చుందాం.

చిత్రకోట జలపాతం గురించి చదువుతున్నారనుకోండి. వాక్యం ఇది: "ద ఫాల్స్ ఆర్ ఎట్ దెయిర్ వైడెస్ట్ డ్యూరింగ్ ద మాన్‌సూన్." మీ నోటుపుస్తకంలో ఎడమ పేజీ మీద తెలుగులో రాసుకున్నారు: "జలపాతం వానాకాలంలోనే అన్నిటికన్నా వెడల్పుగా ఉంటుంది." పుస్తకం మూసేశారు. మర్నాడు ఆ తెలుగు వాక్యాన్ని మాత్రమే చూసి కుడి పేజీ మీద ఇంగ్లీషు రాశారు: "ఇన్ మాన్‌సూన్ ఫాల్స్ ఈజ్ వెరీ వైడ్." ఇప్పుడు అసలు వాక్యం పక్కన పెట్టి చూడండి. 'ద' రెండు చోట్ల పోయింది. 'ఫాల్స్' బహువచనం కాబట్టి 'ఆర్' రావాలి, మీరు 'ఈజ్' రాశారు. 'వైడెస్ట్' అని ఒకే మాటలో తేలేదాన్ని 'వెరీ వైడ్' చేశారు, దాంతో అర్థం కూడా కాస్త జారింది. 'ఎట్ దెయిర్' అనే పొందిక మీకు తట్టనే లేదు. ఒక్క వాక్యంలో నాలుగు పాఠాలు, నాలుగూ మీవే. ఏ వ్యాకరణ పుస్తకమూ మీ తప్పుల వరుసలో పాఠాలు పేర్చి ఇవ్వదు. ఈ పద్ధతి ఇస్తుంది.

తెలుగు మాట్లాడటం వచ్చి, రాయడం రాని పిల్లలు బస్తర్‌లో చాలామంది ఉన్నారు. వాళ్ళు హిందీలోకి మార్చుకోండి, లేదా తెలుగునే దేవనాగరిలో రాసుకోండి. ఎడమ పేజీ మీకోసమే, దాన్ని దిద్దేవాళ్ళెవరూ లేరు. రోజుకి ఆరేడు వాక్యాలు మించవద్దు. ఎక్కువ చేస్తే మర్నాడు సరిచూసే ఓపిక ఉండదు, సరిచూడకపోతే చేసిందంతా వృథా.

తేడాలు తేలిన చోటే వ్యాకరణ పుస్తకం తెరవాలి. రేమండ్ మర్ఫీ రాసిన 'ఇంగ్లిష్ గ్రామర్ ఇన్ యూజ్' ఇందుకు బాగా పనికొస్తుంది. ఎడమ పేజీలో వివరణ, కుడి పేజీలో అభ్యాసాలు ఉంటాయి, విషయసూచిక చూసి కావలసిన పాఠానికే వెళ్ళవచ్చు. పునాది ఇంకా తక్కువగా ఉందనుకుంటే ఆయనదే ఎర్ర అట్ట పుస్తకం, 'ఎసెన్షియల్' అని మొదలయ్యేది, తీసుకోండి. మన దేశంలో తరతరాలుగా నడుస్తున్న రెన్ అండ్ మార్టిన్ గొప్ప పుస్తకమే గానీ అది సందేహం వచ్చినప్పుడు చూసుకోవడానికి. మొదటి పేజీ నుంచి చదువుతూ పోతే వ్యాకరణ పరిభాష వస్తుంది, వాక్యం రాదు.

చదవడానికి పేజీలు ఎక్కడివని అడుగుతారు. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి, సంస్థ వెబ్‌సైటు నుంచి ఉచితంగా దించుకోవచ్చు. మీరు హిందీలో చదివేసిన తొమ్మిది, పది తరగతుల సైన్సు, చరిత్ర, భూగోళం పాఠాలనే ఇంగ్లీషులో తీసుకోండి. విషయం ముందే తెలుసు కాబట్టి బుర్ర అంతా భాష మీద పెట్టవచ్చు. అర్థం అనుమానంగా ఉంటే హిందీ పుస్తకంలో అదే పేరా చూసుకుంటే చాలు. నెట్ సరిగ్గా అందని ఊళ్ళవాళ్ళు గీదమో జగదల్‌పూరో వచ్చినప్పుడు దించుకుని పెట్టుకోండి. రెండు మూడు నెలలు ఇవి నడిచాక కేంబ్రిడ్జ్ వాళ్ళ పాత ప్రశ్నపత్రాల పుస్తకాలు మొదలుపెట్టండి, ముందు వద్దు. నమూనా పేపర్లు మీకు ఎంత వచ్చో కొలుస్తాయి. నేర్పవు.

తెలిసిన విషయం మీద చదవడంలో ఒక ప్రమాదం ఉంది, అది ప్రత్యేకంగా చెప్పాలి. ఐఈఎల్‌టీఎస్‌లో ఒక రకం ప్రశ్న వస్తుంది. కొన్ని వాక్యాలిచ్చి, వ్యాసం ప్రకారం ఇది నిజమా, అబద్ధమా, లేక వ్యాసంలో చెప్పనే లేదా అని అడుగుతారు. వ్యాసంలో ఇలా ఉందనుకోండి: కొండగావ్ ప్రాంతపు ఢోక్రా కళాకారులు మట్టి ముద్ద మీద మైనపు తీగలు చుట్టి బొమ్మ తీరుస్తారు. దానిపైన మళ్ళీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక పై మట్టి పగలగొట్టి బొమ్మని బయటికి తీస్తారు.

ఇప్పుడు మూడు వాక్యాలు. ఒకటి, బొమ్మ తయారీలో మైనం కరిగిపోతుంది. నిజం. రెండు, పై మట్టి అచ్చు చెక్కుచెదరకుండా మళ్ళీ వాడుకోవచ్చు. అబద్ధం, పగలగొడతారని వ్యాసమే చెప్పింది. మూడు, ఈ పని కుటుంబమంతా కలిసి చేస్తారు. కొండగావ్ వెళ్ళి చూసిన బస్తర్ పిల్లవాడు వెంటనే 'నిజం' అని గుర్తు పెడతాడు. అతను కళ్ళారా చూశాడు మరి. కానీ ఆ పేరాలో కుటుంబం ఊసు లేదు. జవాబు 'చెప్పలేదు'. ఇక్కడ పరీక్షించేది లోకజ్ఞానాన్ని కాదు, ఈ కాగితం మీద ఏముందో దానికే కట్టుబడి ఉండే నిగ్రహాన్ని. 'అబద్ధం' అని పెట్టాలంటే వ్యాసంలో దానికి ఎదురు చెప్పే మాట మీద వేలు పెట్టి చూపించగలగాలి. వేలు పెట్టే చోటు దొరక్కపోతే అది అబద్ధం కాదు. ప్రతి జవాబుకీ ఇలా వేలు పెట్టి చూపించమని మిమ్మల్ని మీరే అడగండి, సాధనలో ఈ ఒక్క నియమం ఎప్పుడూ సడలించకండి.

ఇదే ప్రశ్నలో ఇంకో వల ఉంది. ప్రశ్నలోని మాటే వ్యాసంలో అచ్చంగా కనిపిస్తే సంతోషపడకండి. చాలాసార్లు అది ఎర. అసలు జవాబు దగ్గర మాట మారి ఉంటుంది. ప్రశ్నలో 'చిల్డ్రన్' అంటే వ్యాసంలో 'ద యంగ్' అని, ప్రశ్నలో 'చీప్' అంటే వ్యాసంలో 'ఇన్‌ఎక్స్‌పెన్సివ్' అని. అందుకే మాటలు విడివిడిగా బట్టీ పట్టడం కన్నా, ప్రశ్నలో ఏ మాట, వ్యాసంలో ఏ మాట అని జతలుగా రాసుకోవడం మంచిది.

మార్కుల సంగతి కూడా తెలిసి ఉండాలి. అకడమిక్ రీడింగ్‌లో 7 రావడానికి 40లో సుమారు 30 సరైతే చాలు. అంటే పది పోయినా పరవాలేదు. ఒక కష్టమైన ప్రశ్న దగ్గర అయిదు నిమిషాలు కూర్చుండిపోవలసిన అవసరం లేదు. ఐఈఎల్‌టీఎస్‌లో తప్పు జవాబుకి మార్కు కోయరు కాబట్టి ఒక్క ఖాళీ కూడా వదలకూడదు. సీయూఈటీలో అలా కాదు, సరైనదానికి 5 ఇచ్చి తప్పుకి 1 కోస్తారు. స్టాఫ్ సెలెక్షన్‌లోనూ కోత ఉంది. నాలుగు జవాబుల్లో రెండింటిని ఖాయంగా కొట్టేయగలిగితే అక్కడ కూడా ఊహించి పెట్టడం లాభమే. ఏదీ కొట్టేయలేకపోతే వదిలేయండి.

పరీక్ష ఇంకా వారం ఉందనగా కొత్త పేజీలు ఆపేయండి. నోటుపుస్తకం ఎడమ పేజీల్లోని పాత వాక్యాలన్నిటినీ మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పండి. మొదట్లో తప్పిన చోట ఇప్పుడు తప్పట్లేదని మీ చేతిరాతలోనే కనిపిస్తుంది. ఇంకా తప్పుతున్న వాటిని మాత్రం ఒక కాగితం మీదకి ఎక్కించుకుని ప్రయాణంలో చూసుకోండి. ఐఈఎల్‌టీఎస్ రాయడానికి విశాఖకో హైదరాబాద్‌కో వెళ్ళాలంటే కుంట నుంచైనా కిరండూల్ నుంచైనా చాలా దూరం, కనీసం ముందు రోజు మధ్యాహ్నానికి చేరేటట్టు బయల్దేరండి. చెల్లుబాటులో ఉన్న అసలు పాస్‌పోర్టు చేతిలో ఉండాలి, నకలు పనికిరాదు. ఇంతవరకూ పాస్‌పోర్టు లేనివాళ్ళు పరీక్ష ఫీజు కట్టడానికన్నా ముందు దానికి దరఖాస్తు పెట్టుకోండి.